కొండల రాణి

"ఎడమ తలుపు సరిగ్గా పడట్లేదక్కా," అన్నాడు సెవెరో.

"పాత బండి తమ్ముడూ! తలుపూ పడాలి, రంగూ మెరవాలి, ధరా దిగాలి అంటే ఎట్లా?" నికాసియా ముందు కట్టుకున్న గుడ్డతో బానెట్ మీద దుమ్ము తుడిచింది. "ఇంజను సంగతి అడగవేం?"

"అది నువ్వు చూపించవుగా."

"అదీ నిజమే," అని నవ్వేసింది నికాసియా.

లా పాస్ పట్నంలో జనవరి సంత కిటకిటలాడుతోంది. ఇళ్ళు అమ్మేవాళ్ళ వరస, సిమెంటు బస్తాల వరస దాటి బళ్ళ వరసకి వచ్చేసరికే సెవెరో దంపతులకి పొద్దెక్కిపోయింది. పన్నెండు కొట్టేలోపు కొనెయ్యాలి. ఆ ముహూర్తం దాటాక కొన్న బండి కలిసిరాదని వాళ్ళ నమ్మకం.

"కొత్తవి అన్నేసి పెట్టుకుని, ఈ ముసలిదాని చుట్టూ తిరుగుతావేంటయ్యా?" అంది బసీలియా. వీపున మూటలో ఉన్న పాప అప్పటికే బండి అద్దం పట్టుకు లాగుతోంది. "ఆ ఎర్రది చూడు, ఎంత బాగుందో."

"ఎర్రది చూపులకి. మనకి కావాల్సింది ఏరు దాటేది."

ఆ మాటతో బసీలియా ఎర్రదాని మీంచి చూపు తిప్పేసింది. ఏరంటే ఏమిటో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు. కిందటేడు వానల్లో నెప్పులొస్తే, పొంగుతున్న ఏటి ఒడ్డున బురదలో పడుకుని చావుని చూసింది మహాతల్లి. వాళ్ళ ఊళ్ళో బండంటూ ఉన్నది తెయోదోరో మామకొక్కడికే. కబురందగానే ఆయన జీపు ఏట్లోకి దించాడు. నీళ్ళు సీట్లదాకా వచ్చినా ఆపలేదు. పాప ఆసుపత్రిలో క్షేమంగా పుట్టింది. పెట్రోలు డబ్బులిస్తామని వెళితే, ముందు పాపకి పాలు పట్టించండని కసిరి పంపేశాడు. ఆ మనిషికిప్పుడు చూపు ఆనడం లేదు. రాబోయే వానలకి స్టీరింగు పట్టుకోలేనని తనే చెప్పాడు. అవతల సెవెరో చెల్లెలికి నెల తప్పింది. ఇక ఏ ఆడదీ ఆ ఒడ్డున అలా పడి ఉండకూడదని సెవెరో పట్టుదల.

అతను అడుగుభాగం పరీక్షగా చూశాడు. తుప్పు లేదు. ముందుకీ వెనక్కీ నడిపి చూశాడు. నాలుగు చక్రాలూ బాగానే తిరుగుతున్నాయి. పైన సామాను పెట్టుకునే కమ్మీలున్నాయి, వెనక స్టెప్నీ ఉంది. ఇంతకంటే ఏం కావాలి?

"ఎంతకిస్తావక్కా?"

"అరవై."

"ముప్పై చేసుకో."

"ముప్పైకి చక్రాలొస్తాయి, పట్టుకెళతావా?"

"తలుపు పడని బండికి అరవై అడగడానికి నోరెలా వచ్చింది వదినా నీకు?" బసీలియా రంగంలోకి దిగింది.

"నా నోటికేం, మీ ఆయన జేబుకే బాధ!"

ఈలోగా సెవెరో బండి వెనక్కి తిప్పి చూశాడు. స్టెప్నీ కింద పసుపు రంగుతో వంకరటింకర అక్షరాలు కనిపించాయి. కొండల రాణి.

"బసీలియా," అన్నాడు. "ఇలా చూడు. తెయోదోరో మామ జీపు పేరు."

"ఆయనదే మరి!" అంది నికాసియా. "ఆ పేరు ముందు దీనికే పెట్టాడు. ఇప్పుడాయన తిప్పుతున్నది దీని తర్వాత వచ్చిందే. ఆయన చేతిలో పైసా లేని రోజుల్లో ఇది నా దగ్గరే కొన్నాడు. అమ్మలేక ఇన్నేళ్ళూ ఉంచుకుని నిన్న తెచ్చిచ్చాడు. 'నాకు చెయ్యాల్సింది చేసింది, ఇక అవసరమున్నవాడి దగ్గరికి వెళ్ళనీ' అన్నాడు. మీకు తెలిసినాయనా?"

బసీలియా వీపున ఉన్న పాపని ముందుకి తిప్పుకుని చూపించింది. "ఇదిగో వదినా, ఆయన దయవల్ల బతికిన పిల్ల. నేనూ ఆయన దయవల్ల బతికినదాన్నే." అని బండి మీద చెయ్యి వేసి దణ్ణం పెట్టుకుంది. బేరాల్లో పండిపోయిన నికాసియా కూడా కళ్ళు తుడుచుకుంది.

"ముప్పయ్యే ఇవ్వండి," అంది. "ఆ మనిషి పేరు చెప్పాక అరవై తీసుకుంటే నాకు అరగదు. కానీ ఒక్క షరతు. నీ పని అయ్యాక నువ్వూ దీన్ని తెచ్చి నాకే ఇవ్వాలి. ఇంకొకడికి పనికొస్తుంది."

"మాటిస్తున్నానక్కా."

"అన్నట్టు, నడపడం వచ్చా?"

"రాదు. నేర్చుకుంటా. టైముందిగా!"

"అయ్యో రాత!" అని బసీలియా నెత్తి కొట్టుకుంది, కన్నీళ్ళ మధ్యే నవ్వొచ్చి.

గుడి గంటలు పన్నెండు కొట్టాయి. టపాకాయలు పేలాయి. ధూపం వేసే పెద్దాయన దగ్గరికి జనం తోసుకున్నారు. సెవెరో బండిని ఆయన ముందుంచాడు. ఆయన దానిమీద పూలరేకులు జల్లి, సారా చిలకరించి, సాంబ్రాణి పొగ చుట్టూ తిప్పాడు.

"నేలతల్లీ, వీళ్ళడిగింది వచ్చే వానల్లోపు ఇప్పించు. ఆ బండి ఏరు దాటాలి, ఎక్కినవాళ్ళు చల్లగా ఉండాలి."

"ముందు తెయోదోరో మామ చల్లగా ఉండాలి," అంది బసీలియా.

"చల్లగా ఉండాలి," అన్నాడు సెవెరో.

సాయంత్రం ఊరికి వెళ్ళే ఆఖరి బస్సు హారన్ కొడుతోంది. తెయోదోరో మామకి ఈ మాట ఎప్పుడు చెబుదామా అని ఇద్దరికీ ఒకటే ఆత్రం. బసీలియా పాపతో ముందెక్కి కిటికీ పక్కన చోటు పట్టుకుంది.

ఈ సంతలో కొన్న బొమ్మ ఏడాది తిరక్కుండా నిజమవుతుందన్న ధీమాతో, సెవెరో బండిని చొక్కా జేబులో పెట్టుకుని బస్సెక్కాడు.