కర్టెన్ నిక్కరు

టైలరు పొద్దున్నే తడి తువ్వాలు తెచ్చి భార్య దిండు మీద పరిచాడు. ఆమె కళ్లెర్రజేసింది. అతను ఆమె మొహంలోకి కాసేపు ఆశగా చూసి, ఈల వేసుకుంటూ కుట్టుమిషను దగ్గరికి వెళ్లిపోయాడు.

ఎదురువాటాలో ఈమధ్యే దిగిన ఆవిడకు ఈ వరసంతా కిటికీలోంచి కనబడుతూనే ఉంది. నిన్నటికి నిన్న టీలో ఉప్పు కలిపి ఇచ్చాడు. మొన్న భార్య ఊడ్చిన గదిలో గుడ్డపీలికలు వెదజల్లాడు. ఆమెకిష్టమైన పాటను ఖూనీ చేయడమైతే రోజూ ఉన్నదే.

టైలరు భార్యకు పేగుల వాపు జబ్బని ఆవిడ మందుల షాపులో విన్నది. ఇక ఉండబట్టలేక గుమ్మంలోకొచ్చి, ఒంట్లో బాగోలేని మనిషిని ఇలా కాల్చుకు తినడానికి మనసెలా ఒప్పిందని అడిగింది.

"నోట్లో నాలుక లేని ఇల్లాలు దొరికింది కాబట్టి నీ ఆటలు సాగుతున్నాయి. నాలాంటిదైతే ఈపాటికి దులిపేసేది."

"ఆ దులపడమేదో కాస్త నేర్పి పెట్టండి, అక్కయ్యగారూ," అన్నాడు టైలరు చేతులు జోడించి.

ఆవిడ విసవిసా వెళ్లిపోయింది.

భోజనాలయ్యాక అతను తెగించాడు. కిటికీకి భార్య ముచ్చటపడి కొనుక్కున్న గులాబీపూల కర్టెన్ వేలాడుతోంది. దాన్ని లాగేశాడు. కత్తెర ఆడింది. మిషను గడగడలాడింది. కాసేపటికి గులాబీల నిక్కరు తొడుక్కుని భార్య ముందుకొచ్చి, అటూ ఇటూ వయ్యారంగా నడిచాడు. వెనక్కి తిరిగి నడుము ఓ కుదుపు కూడా కుదిపాడు.

ఆమె మొదట బోసిపోయిన కిటికీని చూసింది. తర్వాత నిక్కరును చూసింది. మొహం కందగడ్డయింది. చేతికందిన దారపుండ తీసి అతని నెత్తిన విసిరింది.

"నీ... మొహం మండ. నా కర్టెన్."

టైలరు కుర్చీ ఎక్కి గెంతాడు. మళ్లీ దిగి, ఆమె చేతులు పట్టుకుని ఇంకోసారి తిట్టమని బతిమాలాడు. ఆమె తిట్టింది. ఈసారి 'దరిద్రుడా' కూడా చేర్చింది. తిడుతూ తిడుతూ నవ్వేసింది. అతను ఆ నిక్కరుతోనే పరుగెత్తి ఎదురువాటా తలుపు బాదాడు.

"అక్కయ్యగారూ, నన్ను తిట్టింది," అన్నాడు, బుగ్గల మీద నీళ్లు కారుతుంటే.

ఆవిడ అతణ్ణి ఎగాదిగా చూసి పిచ్చెక్కిందనుకుంది.

పేగుల వాపు ముదిరి రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మెదడులో అడ్డుపడి, పక్షవాతంతో మాట పడిపోయిన నాటి నుంచి అతని భార్య నోరు విప్పడం ఇదే మొదలు.