వంతెన అవతల

“క్యాసెట్ ఊదరా అచ్చిబాబూ. ఊదందే అదెప్పుడు ఆడింది గనక!” అన్నాడు గణేష్‌బాబు.

అచ్చిబాబు ఊదాడు. దుమ్ము లేచి కళ్ళల్లో పడింది. క్యాసెట్‌ని డబ్బాలో నొక్కి స్విచ్ వేస్తే టీవీ మీద చారలొచ్చాయి. వాటి వెనకే చిన్నప్పటి ఆ పాట మొదలైంది. ఒకప్పుడు అది వినపడితే కాళ్ళు నేల మీద నిలిచేవి కావు. ఇవాళ అతనికి ఏమీ అనిపించలేదు.

టీవీని వీధరుగు మీదికి తెప్పించింది అతనే. బట్టలింకా తడిగా ఉన్నాయి, లోపలికి రానన్నాడు. గణేష్‌బాబు బలవంతపెట్టలేదు. అటకంతా వెతికి ఆ పాత వీడియోగేమ్ డబ్బా తీసి, వైర్లన్నీ తనే తగిలించాడు.

“ఇంకా ముట్టలేదా దుర్గాసాయి?” అనడిగాడు గణేష్‌బాబు.

“లేదురా. ఆకులో వేసినవి వేసినట్టే ఉన్నాయి. గారెలు, కోడికూర, వాడికిష్టమని పూతరేకులు కూడా పెట్టారు. ఊహూ.”

“వాడి అలక తెలిసిందేగా! చిన్నప్పుడు జామకాయలో చిన్న ముక్క ఇచ్చానని నాతో వేసవి సెలవులంతా మాట్లాడలేదు. వాళ్ళన్నయ్యతో ఆ పొలం గట్టు తగాదా ఉందిగా, దానికేనేమో?”

“అందరూ అదే అనుకున్నారు. దొరబాబన్నయ్య అందరి ముందూ దణ్ణం పెట్టేశాడు. గట్టు నీదేరా, నీ పిల్ల చదువు నాదిరా, తినరా అన్నాడు. వెంకటదుర్గ ఏడ్చి ఏడ్చి చెప్పింది. పెళ్ళాం మాటా లేదు, అన్న మాటా లేదు.”

“మరి ఈ ఆట కోసమంటావా?”

“ఇదేరా. నాకు తెలుసు.”

ఆ ఆట కనిపెట్టినవాడెవడో గానీ, పిల్లలంటే బొత్తిగా గిట్టనివాడు. గొడుగు పట్టుకున్న పొట్టివాడొకడు నిప్పులూ ముళ్ళూ దాటుకుంటూ పోవాలి. ఆఖర్న రాళ్ళ వంతెన. కాలు పెట్టిన రాయల్లా కూలిపోతుంది. ఒక్క గెంతు తప్పిందా, మళ్ళీ మొదట్నుంచి మొదలు. వీధిలో ఒక్కడూ దాన్ని దాటిన పాపాన పోలేదు. దుర్గాసాయి ఒకసారి ఆఖరి రాయి దాకా వెళ్ళాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. వంతెన దాటితేగానీ ముద్ద ముట్టనని వాడు ఇదే అరుగు మీద భీష్మించుక్కూర్చుంటే, వాళ్ళమ్మ రత్నమాణిక్యం గారు కంచం పట్టుకుని ఇక్కడి దాకా వచ్చారు.

ఫోన్ మోగింది. కాలవ గట్టు దగ్గర్నుంచి దొరబాబు.

“ఎంతసేపురా? ఎండ నెత్తి మీదికొచ్చేసింది. వచ్చినోళ్ళు లేచిపోదామంటున్నారు. వాడు తింటేగానీ మంచినీళ్ళు కూడా తాగనంటోంది అమ్మ. అసలే షుగర్ మనిషి, కళ్ళు తిరిగి పడిపోయేలా ఉంది.”

“ఇంకాస్త ఆపండన్నయ్యా.”

“దీనికీ ఆ ఆటకీ ఏంట్రా సంబంధం! నీకేమన్నా మతిపోయిందా?”

అచ్చిబాబు ఫోన్ పక్కన పెట్టి ఆట రిమోట్ అందుకున్నాడు. నిప్పులు దాటాడు. ముళ్ళు దాటాడు. వంతెన మధ్యలో గెంతు తప్పి పొట్టివాడు నీళ్ళలో పడ్డాడు. చిన్నప్పుడైతే రిమోట్ నేలకేసి కొట్టేవాడు. ఈమధ్య అతనికి కోపమూ రావడం లేదు, నవ్వూ రావడం లేదు. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ పడ్డాడు.

“ఏవండీ, కరెంటాఫీసుకి ఫోన్ చేసి ఓ గంట తియ్యొద్దని చెప్పండి!” అంది గణేష్‌బాబు భార్య లక్ష్మీదుర్గ గుమ్మంలోంచి. ఆవిడకి ఆటంటే ఏంటో తెలీదు. రత్నమాణిక్యం గారంటే తెలుసు. “అన్నయ్య గారూ, తొందరపడకండి. ఆ పెద్దావిడ కోసమన్నా నెమ్మదిగా ఆడండి.”

ఈసారి వంతెన దాకా పడకుండా వచ్చాడు. ఒక రాయి కూలింది. ఇంకోటి కూలింది. దుర్గాసాయి ఎప్పుడూ ఆఖరి రాయి మీద ఒక్క క్షణం ఆగి గెంతేవాడు. అచ్చిబాబు కూడా ఆగాడు. తర్వాత గెంతాడు.

పొట్టివాడు అవతలి ఒడ్డున పడ్డాడు.

తెర నల్లబడింది. కోటో, నిధుల పెట్టో వస్తుందని ముగ్గురూ కళ్ళప్పగించి చూశారు. వచ్చింది మొదటి మెట్టు. అదే పొట్టివాడు, అదే గొడుగు, అవే నిప్పులు.

“ఇంతేనా! ఓరి దీని దుంపతెగా, దీనికోసమా మనం సెలవులన్నీ తగలేసింది!” అన్నాడు గణేష్‌బాబు.

అచ్చిబాబు ఫోన్ తీశాడు.

“అన్నయ్యా, స్పీకర్ పెట్టి ఆకు దగ్గర పట్టుకోండి.”

“నువ్వూ నీ గోలా! సరే, పెట్టాను. చెప్పు.”

“ఒరేయ్ దుర్గాసాయీ! దాటేశాంరా. అవతల ఏమీ లేదురా, మళ్ళీ మొదటికే. నువ్వు పోగొట్టుకున్నదేం లేదురా. ఇంక తినరా బాబూ, అమ్మ పస్తులుంటోంది.”

ఇన్ని రోజుల్లో మొదటిసారి అతను ఏడ్చేశాడు. అట్నుంచి ఒక్కసారిగా జనం గోల, రత్నమాణిక్యం గారి ఏడుపు, ఆ గోలలోంచి దొరబాబు కేక.

“కాకి పిండం ముట్టిందిరా!”