నాగమణి పుట్టిన మడి

పోచారం చెరువు నీళ్లు పారే తన మడిని దున్నిస్తుంటే, సాయవ్వకు నాగటి చాలులో మెరిసే రాయి దొరికింది. ఎల్లారెడ్డి పట్నం పక్కనున్న ఆ ఊరి దొర ఆమెను తన కోటలాంటి గడికి పిలిపించి రాయి లాక్కున్నాడు.

"ఇది ఆదిశేషుని పడగ మీద పుట్టిన మణి. మా తాతకు ఆయనే ఇచ్చిండు. మణి మాదైతే మడి గూడ మాదే."

సాయవ్వ చేతులు జోడించింది.

"నిజమే దొరా. మా అవ్వ గూడ చెప్పింది. మణి ఎవరింట్ల ఉంటే, దానికోసం ఆ పాము వాళ్లింటికి వస్తదట."

దొర గబుక్కున రాయిని ఆమె చేతిలో పెట్టేశాడు. "మడి నీదే, పో!"

పాము కథ ఊరంతా పాకింది. జనం పాలచెంబులతో వచ్చి, మణి పుట్టిన చోటని మడి నడుమ గుడి కట్టేశారు.

"నా మడి ఏది దొరా?" అని సాయవ్వ ఏడ్చింది.

"దేవుని మాన్యమైంది సాయవ్వా," అన్నాడు దొర, గుడి ధర్మకర్త హోదాలో.