పైపు మార్చాకే

సుశాంత్, నీ ఒంట్లో ఎలా ఉంది? కోడలు శ్రీవిద్యకు దగ్గు తగ్గిందా? పిల్లలు సరిగ్గా తింటున్నారా? మీ నాన్న ఇంత అన్నం ముడుతున్నారా, లేదా? ఫోన్లో నాకు నోరు రావడం లేదు, అందుకే ఈ కార్డు రాస్తున్నాను.

పోయిన సోమవారం నువ్వు ఫోన్ చేసి, "అమ్మ దవాఖానల నిన్నే అడుగుతున్నది చిన్నమ్మా, జర జల్దీ రా" అన్నావు. నాంపల్లి నుంచి హిమాయత్‌నగర్ ఎంత దూరమని? మీ చిన్నాయన ఆటో పిలుస్తానన్నారు. నేనే వద్దన్నాను. రాత్రిపూట అక్కకు ఏమన్నా అయితే ఆటో దొరకదని, మన కారే దగ్గర ఉండాలని నా భయం. ఆ పాత కారుకేమో రేడియేటర్ పైపు పగుళ్లు పట్టి ఉంది.

ఆయన అఫ్జల్‌గంజ్ పోయి కొత్త పైపు తెచ్చి, వాకిట్లోనే మార్చారు. క్లిప్పు ఇంకోసారి బిగించమన్నాను. నీళ్లు కారుతున్నాయేమో మళ్లీ చూడమన్నాను.

"ఏందే, ఇంజన్‌కు బాలింత సేవ చేస్తున్నవా? ఎక్కు, పోదాం" అని అరిచారు.

అప్పటికి మంగళవారం వచ్చేసింది. రిపేరైన బండిని మంగళవారం బయటికి తీయకూడదని ఆపాను. బుధవారం పొద్దున టైర్ల కింద నిమ్మకాయలు పెడుతుంటే మళ్లీ నీ ఫోన్ వచ్చింది.

"బయల్దేరుతున్నం బిడ్డా, బండి మంచిగైంది" అన్నాను.

"ఇంక తొందరేం లేదు చిన్నమ్మా. నిమ్మళంగ రా" అన్నావు.

వచ్చే శుక్రవారం అక్కది పదో రోజు కదా. పొద్దున్నే వస్తాం.