మిగిలిన బోటు

"యుద్ధం రాకుండా నేవీవోల్లు దేనికెంత ఖర్చెట్టాలో లెక్క కడతన్నానమ్మా," అంది అనూరాధ, లాప్‌టాప్ తల్లివైపు తిప్పి. "యుద్ధనౌకలన్నీ వైజాగ్‌లోనే ఉంచకుండా సగం ఇంకో రేవులో పెడితే, ఇక్కడివి పోయినా అక్కడివి తిరిగి కొడతాయి. ఆ భయంతో శత్రువు రాడు."

చేపలు కడుగుతున్న గంగాలమ్మకి అంతుపట్టలేదు.

"నాన్నా అన్నా ఒకే బోటెక్కీవోరు కాదు గదా? ఒకల్లు పోయినా ఒకల్లు మిగలాలని. అదే లెక్క!" అంది అనూరాధ.

గుమ్మంలో వల బాగుచేస్తున్న అన్న రాము చేతులు ఆగిపోయాయి. తండ్రి బోటు తిరిగి రాని రోజు నుంచి అతను సముద్రం మొహం చూడలేదు.

"నాను మిగిలేను గదే," అన్నాడు మెల్లగా. "ఎవల్ని కొట్టాలి?"

తెరమీద రెండో రేవు పచ్చగా వెలుగుతోంది. దాని కింద అనూరాధే రాసింది: 'క్షేమం'.