రేకు క్షిపణి మీద చకోరం

"ఏం చేశావు ఉస్తాద్? ఏంటిది?"

మేజర్ తౌకీర్ నోరు తెరిచి నిలబడిపోయాడు. రావల్పిండి లారీల అడ్డాలో బండ్లకు రంగులు, బొమ్మలు వేసే నియామత్ ఉస్తాద్‌కి ఆయన అప్పజెప్పిన పని చిన్నదే. అణుబాంబు మోసే క్షిపణికి రేకుతో నకలు చేసి, లారీ మీద పడుకోబెట్టి, పచ్చరంగు పూయాలి. ఆకాశంలోంచి ఫొటోలు తీసే హిందుస్తాన్ వాళ్లు దాన్ని చూసి జడుసుకోవాలి.

ఉస్తాద్ పచ్చరంగు పూశాడు. ఆ పైన గులాబీలు, మెడ తిప్పి చూసే చకోరం, ముక్కు దగ్గర కాటుక కళ్లు కూడా వేశాడు. వెనక గొలుసులు వేలాడదీసి, దిష్టికి నల్లగుడ్డ కట్టాడు. చకోరం ఎంత బాగా కుదిరిందంటే, పక్క కొట్టు పిల్లి దాని మీదికి దూకి మూతి పగలగొట్టుకుంది.

"చెయ్యి ఆగలేదు మేజర్ సాబ్. నా అడ్డాలోంచి బండి బోసిగా ఎప్పుడూ పోలేదు."

"ఇదేమన్నా పెళ్లివారి బండా?"

"చెరిపేస్తాను సాబ్."

"ఇంకేం చెరుపుతావు? ఆరుబయట ఎవరు పెట్టారు?"

"నేనే. రంగు ఆరాలని."

"ఈపాటికి ఢిల్లీలో ఫొటో చూసి పొట్ట పట్టుకుని నవ్వుతుంటారు. వీళ్లవన్నీ ఉత్త డబ్బాలేనని రేపు మన మీద పడితే, ఆ పాపం నీదే."

ఆ మాట ఉస్తాద్ గుండెలో మేకులా దిగింది. పాయా గిన్నె ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. విమానం మోత వినిపిస్తే మెడ లోపలికి పోయేది. బడికి పోయే పిల్లలు సలాం చెబితే తల తిప్పుకునేవాడు.

"ఏంటయ్యా ఆ మొహం? ఎవరినన్నా చంపొచ్చావా?" అంది భార్య జరీనా.

"ఇంకా తెలీదు" అన్నాడు.

శుక్రవారం నమాజు అయ్యాక మేజర్ బర్ఫీ పొట్లంతో దిగాడు. వస్తూనే ఉస్తాద్‌ని కావలించుకున్నాడు.

"నమ్మారు ఉస్తాద్. ఉత్త రేకుకి ఇంత ముస్తాబు ఎవడు చేస్తాడు, అసలుదే అయ్యుంటుందని తేల్చుకున్నారట. హడలిపోయారు."

ఉస్తాద్ కళ్లు మూసుకుని అల్లాను తలుచుకున్నాడు. చాలా రోజులకు నోట్లో తీపి పడింది.

"దీనికి పోటీగా వాళ్లు రెండు చేయిస్తున్నారు" అన్నాడు మేజర్.

బర్ఫీ గొంతులో అడ్డం పడింది. "రేకువా?"

"నిజమైనవి."

"అయితే మనది ఉత్తదని చెప్పించండి సాబ్. నేనే చేశానని ఒప్పుకుంటా. నన్నేం చేసినా సరే."

"చెబితే మాత్రం ఎవరు నమ్ముతారు?" మేజర్ అతని భుజం తట్టాడు. "కుంచెలు సర్దుకో. మనమూ నాలుగు చేస్తున్నాం. చకోరం లేకపోతే ఉత్తవనుకుంటారు."

"ఆ నాలుగూ..."

"ఈసారి రేకువి కావు ఉస్తాద్."