రుషికొండలోనే పెళ్లి

కూతురి పెళ్లికి రమ్మని స్టీల్‌ప్లాంటు కాలనీ మొత్తాన్నీ నోరారా పిలిచేశాడు అప్పలసూరి. తీరా చూస్తే కాలనీ పక్కనే ఉన్న కూర్మన్నపాలెంలో ఏ మండపమూ నచ్చలేదు. ఒకదానికి పార్కింగు ఇరుకట, ఇంకోదాంట్లో భోజనాలు మేడమీదట.

రుషికొండ రిసార్టు మాత్రం గేటు దగ్గరే నచ్చేసింది.

"ఇంత దూరవైతే మనోళ్లెలగొత్తారు బావా?" అన్నాడు బావమరిది సింహాద్రి.

"ఏటి సేత్తాం? పిల్ల సముద్రం కావాలంటంది. వీలైనోళ్లే వత్తారు, పాపం," అని నిట్టూర్చాడు అప్పలసూరి.

అడ్వాన్సు కట్టబోతుంటే సింహాద్రి ఫోను పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"బెంగెట్టుకోకు బావా! మేనమామ కానుకగా నాను బస్సులు మాటాడీసినాను. కాలనీలో ఒక్కడు మిగలడు!"

అప్పలసూరి అడ్వాన్సు మళ్లీ జేబులో పెట్టుకుని, మేనేజరు చెవి దగ్గరికి వంగాడు.

"బాబూ, బస్సులు రాని చోట మీకింకో రిసార్టు ఉందేటి?"